ఊరి సంఘమును నడుపువారు



నేటి సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మీకు క్రొత్తది కాదు. ఊరి మేలు కొరకు నలుగురు కూడి, పదిమందిని కూడగట్టుకొని, అధికారుల వద్దకు పోయి న్యాయ మడుగుట మీ రెరిగిన పనియే. అట్టి పని కొరకు ఏర్పడిన కూటమిని సంఘ మందుము. అది ఎన్నికలలో నిలుచు పార్టీ కాదు. లాభమునకు నడచు వర్తకము కాదు. అన్నదానము చేయు సత్రమును కాదు. పాలకుల నడుగుటకును, అడిగినదానికి జవాబు రాబట్టుటకును ఏర్పడినది. అట్టి సంఘమును నడుపువారు చేయవలసిన మొదటి పని యేది? వారి పని యెక్కడ నిలుచును, యెక్కడ చెడును? ఈ ప్రశ్నలకు దూరదేశముల గ్రంథములను వెదకనక్కరలేదు. మన ప్రాంతపు చరిత్రయే సమాధానము చెప్పుచున్నది.

మన ప్రాంత మనగా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి. ఈ మూడును 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వేరు జిల్లాలైనవి. అంతకు ముందు ఇవి చాలవరకు ఓరుగల్లు జిల్లాలోనివే; మహాదేవపురము వైపు భాగము మాత్రము కరీంనగరము జిల్లానుండి వచ్చి భూపాలపల్లిలో చేరినది. నైజాము కాలమున జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో నుండెను. హద్దులెన్ని మారులు మారినను, ఈ నేలపై ప్రజలు సంఘము కట్టుకొన్న కథ మాత్రము ఒక్కటే. దాని మొదలు హైదరాబాదు నగరమున నున్నది.

1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదులోని వివేకవర్ధినీ ప్రాంగణమున సంఘసంస్కార సభ యొకటి జరిగెను. మహారాష్ట్రమున స్త్రీవిద్యకై పాటుపడిన ధోండో కేశవ కర్వే గారు దాని కధ్యక్షులు. ఆ సభలో ఇంగ్లీషునను, ఉర్దూనను, మరాఠీనను ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వెంకటరామారావు గారను న్యాయవాది లేచి తెలుగున మాటలాడబోగా కొందరు నవ్విరి, అల్లరి చేసిరి. ఆయన ప్రసంగము సాగలేదు. నైజాము రాజ్యమున దాదాపు సగము మంది మాటలాడు భాషకు రాజధానీ నగరపు సభలో లభించిన మర్యాద యది.

ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావు గారి యింట కూడిరి. వారు పట్టుమని డజనుమంది. అవమానించినవారిని తిరిగి తిట్టవలెనని వారు తలపలేదు. ఆంధ్ర జనసంఘమను పేరుతో ఒక సంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు గారు దాని భారమును తలకెత్తుకొనిరి. 1923లో హనుమకొండయందు ఊరూరి సంఘములకు కేంద్రముగా నైజాము రాష్ట్రాంధ్ర జన కేంద్ర సంఘ మేర్పడెను. ఒక మాట సాగనీయనందున పుట్టిన సంఘ మీ విధముగా జిల్లాలకు ప్రాకెను.

ఇక నా సంఘమువారు మొదట నేమి చేసిరి? ఊరేగింపులు చేసిరా? లేదు. కత్తి పట్టిరా? లేదు. వారు పుస్తకములు తెరచిరి. గ్రంథాలయములు పెట్టించిరి. ఈ పనికి పునాది అంతకు ముందే పడియుండెను: హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. జనసంఘమువారు ఆ పనిని పల్లెలవైపు త్రిప్పిరి. చిన్న చిన్న పుస్తకములు అచ్చువేసి పంచిరి. వానిలో వర్తకుల హక్కులను గూర్చియు, వెట్టిచాకిరిని గూర్చియు వ్రాసిన పుస్తకములు ముఖ్యమైనవి.

వెట్టి యనగా నేమో మీలో వయసు మీరిన వారు తమ తాతల నోట వినియుందురు. అధికారి ఊరికి వచ్చినను, దొర యింట పెండ్లి జరిగినను, చాకలి బట్ట లుతుకవలెను, కుమ్మరి కుండ లీయవలెను, గొల్ల మేకపిల్లను తోలవలెను, గౌడు కల్లు పోయవలెను, మాదిగవారు చెప్పులు కుట్టి, చీటీ మోసి, మూట లెత్తవలెను. కూలి లేదు, కాదనుటకు నోరు లేదు. చిత్ర మేమనగా, ఈ వెట్టిలో పెక్కు రూపములకు సర్కారువారి ఆజ్ఞల యండ లేనే లేదు. ఆజ్ఞలు ఉర్దూలో నుండెను, కచ్చేరీలో నుండెను. ఊరిలో దొర మాట యుండెను. కాగితము మీది హుకుమునకును, ఊరిలోని వాడుకకును నడుమ ఒక గోడ యుండెను. ఆ గోడ పేరు తెలియకపోవుట.

జనసంఘమువారు చేసిన ఘనకార్యము ఆ గోడలో ఒక కిటికీ తెరచుట. ఏ పనికి కూలి యీయవలెను, ఏది యడుగుటకు అధికారికి హక్కు లేదు అను సంగతులను తెలుగున వ్రాసి, చదువ నేర్చిన వాని చేతికిచ్చిరి. వాడు రచ్చకట్టపై కూర్చుండి చదివెను. చదువు రానివారు వినిరి. విన్నవా డొకడు మరునాడు, ఈ మూటకు కూలి యెంత యని యడిగెను. సంఘము యొక్క బలమంతయు ఆ చిన్న ప్రశ్నలో నున్నది.

మహబూబాబాదువారు గర్వింపదగిన సంగతి యొకటి యిచట చెప్పవలెను. ఆ తాలూకాలోని ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులుండిరి. వారు 1922లో ఆ పల్లెనుండియే తెనుగు పత్రిక యను వారపత్రికను వెలువరించిరి. పట్టణములు కావు, రైలు స్టేషను ప్రక్కనైనను కాదు. ఒక పల్లెలో అచ్చుయంత్రమును పెట్టుకొని, వార్తలు వ్రాసి, అచ్చువేసి పంపిరి. అదే సంవత్సరము నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావు గారు నీలగిరి పత్రికను తెచ్చిరి. 1926లో హైదరాబాదునుండి సురవరము ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక వచ్చెను. సంఘమునకు నోరు పత్రిక; పత్రికకు కాళ్లు సంఘము. ఒకటి లేక రెండవది నడువలేదు.

1930లో మెదకు జిల్లా జోగిపేటలో ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగెను. దానితోపాటు నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. తరువాత దేవరకొండ, ఖమ్మము, సిరిసిల్ల, షాద్‌నగరు, నిజామాబాదు మొదలగు చోట్ల సభలు జరిగినవి. ఆ కాలమున సభ జరుపుటకు ముందుగా సర్కారు అనుమతి కావలెను. రాజకీయములు మాటలాడమని పూచీ యీయవలెను. నాయకు లా నిబంధనలకు తలవంచియే సభలు నడిపిరి. తరువాతి తరమువా రందులకు వారిని మెత్తనివారని నిందించిరి. నేను మాత్రము అట్లు తలపను. తలుపు మూసియున్నప్పుడు కిటికీనుండి గింజ లందించినవాడు పిరికివాడు కాడు. కాని గింజలు చాలని దినమొకటి వచ్చునని కూడ ఒప్పుకొనవలెను.

ఆ దినము 1940 దశకమున వచ్చెను. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులైరి. ఆ కాలమున సభ్యత్వపు రుసుము రూపాయినుండి నాలుగణాలకు తగ్గింపబడెను. చదివినవారికి ఇది చిన్న లెక్కగా తోచును. కాని రూపాయి యీయగలవాడు వకీలు, వర్తకుడు, మోతుబరి. నాలుగణా లీయగలవాడు కౌలుదారు, కూలివాడు. తలుపు గడప నంత తగ్గించుటతో లోపలికి వచ్చువారే మారిరి. నగరపు సంఘము ఊరి సంఘ మయ్యెను. పల్లెలలో దానిని ఆంధ్ర మహాసభ యని యెవ్వరు ననలేదు. సంగ మనియే పిలిచిరి.

ఇప్పుడు మిమ్ము జనగామ తాలూకాకు తీసికొనిపోయెదను. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి పేరు మీ రెరుగుదురు. పదుల కొలది గ్రామములపై ఆయన అధికారము సాగెను. నలుబదివేల యెకరముల భూమి ఆయన క్రింద నుండెనని నాటి ఉద్యమమును గూర్చిన గ్రంథములు చెప్పుచున్నవి. ఆయన యేలుబడిలోని ఇద్దరు సామాన్యుల కథలను ప్రక్కప్రక్కన నుంచి చూపెదను. నేను చెప్పదలచిన దంతయు ఆ రెండు కథల నడుమ నున్నది.

మొదటి కథ కామారెడ్డిగూడెము రైతు షేక్ బందగీది. ఆయన పేద ముసల్మాను. తన భూమి కొరకు దేశముఖు పలుకుబడి కెదురుగా కోర్టుల చుట్టు ఏండ్ల తరబడి తిరిగెను. ఓపికతో పోరాడెను, గెలిచెను కూడ. తీర్పు కాగితము ఆయన చేతికి వచ్చెను. కాని ఆ కాగితమును ఊరిలో నిలబెట్టగల బలగ మింకను కూడియుండలేదు. దేశముఖు మనుషులు మాటువేసి ఆయనను చంపిరి. సూర్యాపేట – జనగామ బాటప్రక్కన ఆయన సమాధి యున్నది. హిందువులు ముసల్మానులు ననక జనులు దానికి మ్రొక్కుచు వచ్చిరి. మా భూమి యను నాటకమునకు ఆయన కథయే ప్రేరణ.

రెండవ కథ పాలకుర్తి చాకలి ఐలమ్మది. ఆమె అసలు ఇంటిపేరు చిట్యాల. మల్లంపల్లి భూస్వామివద్ద భూమిని కౌలునకు తీసికొని, భర్తతోను కొడుకులతోను సేద్యము చేసెను. ఆమె సంఘములో చేరెను. చాకలిది పొలము దున్నుటయా, సంఘములో చేరుటయా యని దేశముఖునకు కంటగింపయ్యెను. ఆ భూమి తనదని పేచీ పెట్టి, పండిన పంటను కోయించుకొని పోవుటకు మనుషులను పంపెను. ఇచ్చటనే కథ మారెను. ఆమె ఒంటరిది కాదు. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలగు సంఘపు కార్యకర్తలు, ఊరిజనులు పొలములోనికి దిగి, తామే పంట కోసి, ధాన్యమును ఐలమ్మ యిల్లు చేర్చిరి. దేశముఖు మనుషులు వెనుకకు మరలిరి. అప్పటి కామె వయస్సు ఏబదికి దాపు. కేసులు వచ్చినవి, బాధలు వచ్చినవి. కాని ఆ గింజలు మాత్రము దొర గాదెలకు పోలేదు. ఆమె 1985 సెప్టెంబరు 10వ తేదీన పరమపదించెను.

పెద్దలారా, ఈ రెండు కథలను తూచి చూడుడు. బందగీ చేతిలో కాగిత ముండెను. వెంట జనము లేదు. ఐలమ్మకు న్యాయము నుండెను, వెంట జనము నుండెను. హక్కు తెలియచెప్పుట సంఘపు పనిలో సగము మాత్రమే. తెలిసికొని యడిగినవాని ప్రక్కన నిలుచుట తక్కిన సగము. మొదటి సగము చేసి రెండవది చేయని నాయకుడు, పామున్నదని చూపి బాలుని పుట్టలో చేయి పెట్టమన్నవానితో సమానుడు. ఎందుకనగా, సంఘము చెప్పిన మాట విని లేచినవాడు ఊరిలోనే యుండవలసినవాడు. ఉపన్యాసకుడు బండి యెక్కి పోవును. దెబ్బ తగులునది ఉన్నవానికి.

ఆ దెబ్బ యెంత పెద్దదియో కడవెండి గ్రామము చూచెను. 1946 జూలై 4వ తేదీన సంఘపు జనులు ఊరేగింపుగా పోవుచుండగా దేశముఖు మనుషులు తుపాకులు కాల్చిరి. దొడ్డి కొమరయ్య నేల కూలెను. ఆయన నాయకుడని పేరుపొందినవాడు కాడు; గొఱ్ఱెల కాపరుల యింట పుట్టిన యువకుడు. ఆ దినమునుండి ఉద్యమము వేరొక త్రోవ పట్టెను. సాయుధ పోరాట మయ్యెను. ఆ కథ వేరు, దాని తప్పొప్పుల విచారణ వేరు. నా నేటి ప్రసంగము దాని ముందటి సంఘమును గూర్చి మాత్రమే.

ఆ సంఘమును నడిపినవారిలో విభేదములు కూడ వచ్చినవి, దాచనక్కరలేదు. 1944లో భువనగిరి సభనాటికి మితవాదులును అతివాదులును వేరుపడిరి. మరు సంవత్సరము ఒక వర్గమువారు ఖమ్మమునను, రెండవ వర్గమువారు ఓరుగల్లు ప్రక్కన మడికొండలోను వేర్వేరు సభలు జరుపుకొనిరి. ఇరువర్గములవారును దేశభక్తులే. కాని ఒక గూటినుండి రెండు జెండాలు లేచినప్పుడు పల్లెలోని సామాన్యుడు ఏ జెండా క్రిందికి పోవలెనో తెలియక తికమకపడును. నాయకుల నడుమ అభిప్రాయభేదము తప్పు కాదు. దానిని సభ్యులయెదుట విప్పి చెప్పి, వారి తీర్మానమునకు విడువక, లోలోపల పెంచుకొనుట తప్పు.

తప్పులను గూర్చి చెప్పుచున్నాను గనుక నా తప్పును కూడ చెప్పుకొనుట న్యాయము. దాదాపు ముప్పదియేండ్ల క్రిందట మా ఊరి చెరువు తూము చెడిపోయెను. కడగట్టు పొలములకు నీ రందదాయెను. నేనును మరి నలుగురును రైతుసంఘమొకటి పెట్టి, ఇంటింట చందా పోగుచేసి, కచ్చేరీకి పలుమారులు పోయితిమి. అర్జీ మంజూరగు తరుణము వచ్చెను. అంతలో ఒకనాడు సభలో, కడగట్టు రైతొకడు లేచి, అయ్యా, మన పైకము లెక్క చదివి వినిపింపుడని యడిగెను. నేను పైస కాజేసినవాడను కాను. కాని లెక్క వ్రాయలేదు. బండి కిరాయి యింత, కాగితములకింత యని జేబులో చీటీలు, తలలో అంకెలు. మూడువందల నలువది రూపాయలకు జవాబు చెప్పలేకపోయితిని. అంతటితో ఆగినను బాగుండెడిది. నన్ను దొంగ యందువా యని నేను కోపించితిని. ఆ కోపమే సంఘమును చంపినది.

జనులు రాకడ మానిరి. వెంట జనము లేని అర్జీని కచ్చేరీలో ఎవ్వరును పట్టించుకొనలేదు. తూము మరి రెండేండ్లు అట్లే యుండెను. లెక్క యడిగిన ఆ రైతు పొలము బీడు పడగా, ఆలుబిడ్డలతో పని వెదకికొనుచు పట్నము పోయెను. అతడు మరల రాలేదు. అతడు నన్ను అవమానింపలేదనియు, సంఘమును నా కంటె మిన్నగా నమ్మినందుననే యడిగెననియు నాకు చాల ఆలస్యముగా తెలిసినది. మనము దొరల లెక్క లడుగుదుము. మన లెక్క మన మీయకున్న, ఊరిలో మరియొక చిన్న దొర వెలసినట్లే గదా!

లెక్కను బిగ్గరగా చదువుటలో నెంత శక్తి యున్నదో రాజస్థానపు పల్లెలు లోకమునకు చూపినవి. అచ్చట దేవ్‌డూంగ్రీ యను చిన్న గ్రామమున అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ మొదలగువారు స్థానిక రైతు కూలీలతో కలిసి 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంఘమును స్థాపించిరి. కరవుపనులలో కూలీలకు తక్కువ కూలి ముట్టుచుండెను. కాగితములలో పూర్తి కూలి వ్రాయబడుచుండెను. 1994 డిసెంబరునుండి వారు ఊరినడుమ గుడారము వేసి, జనసునవాయి యను పేర సభలు జరిపి, హాజరుపట్టీలను జనులయెదుట చదివిరి. పని చేయని వారి పేర్లును, కట్టని కట్టడముల లెక్కలును బయటపడినవి. ఆయుధ మేదియు లేదు, చదువుటయే. ఆ సభలనుండి లేచిన కోరిక దేశమంతట వ్యాపించి 2005లో సమాచార హక్కు చట్టముగా పరిణమించెను. 1920 దశకమున మన జనసంఘమువారు హుకుములను తెలుగున చదివి వినిపించిన పనియే, వేరొక కాలమున వేరొక భాషలో మరల నడచినది.

ఆ చట్టము నేడు మీ చేతిలో నున్నది. దాని ప్రకారము ఏ సర్కారు కచ్చేరీ నైనను లెక్కలు, కాగితములు చూపుమని అర్జీ పెట్టవచ్చును. మన రాష్ట్రమున గ్రామస్థాయి కచ్చేరీలకు రుసుము లేదు. మండలస్థాయిలో ఐదు రూపాయలు. పైస్థాయిలో పది రూపాయలు. ముప్పది దినములలో జవాబు రావలెను. రాకున్న పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఎందు కడుగుచున్నావని కారణము చెప్పనక్కరలేదు.

ఇక భూపాలపల్లి, మహబూబాబాదు అడవి గ్రామములవారికి ప్రత్యేకముగా ఒక మాట. కొత్తగూడ, గంగారము మొదలగు మండలములలోను, గోదావరి యొడ్డున మహాదేవపురము వైపు అడవులలోను అడవినేలను సాగుచేసికొని బ్రతుకు కుటుంబములున్నవి. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చెను. 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి గిరిజనులు సాగులో నుంచుకొన్న అడవి భూమిపై, నాలుగు హెక్టారులకు మించకుండ, హక్కు పొందవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. గిరిజనులు కానివారు ఆ తేదీకి ముందు మూడు తరములు, అనగా డెబ్బదియైదేండ్లు, అచ్చట నివసించినట్లు చూపవలెను. దరఖాస్తు మొదట పోవునది కలెక్టరు వద్దకు కాదు, గ్రామసభ వద్దకు. గ్రామసభ ఎన్నుకొన్న కమిటీ నేలను చూచి, సాక్ష్యము వినును. తరువాతనే డివిజను కమిటీ, జిల్లా కమిటీ. గ్రామసభ నిర్ణయము నచ్చనివారు అరువది దినములలోగా డివిజను కమిటీకి చెప్పుకొనవచ్చును.

పెద్దలారా, ఆ చట్టపు నియమములలో మీకు సంబంధించిన దొకటి కలదు. హక్కును నిరూపించుటకు పట్టాలు, రసీదులు మాత్రమే కాదు. హక్కు కోరువారు కాని వృద్ధుల వాఙ్మూలము కాగితముపై వ్రాయబడినచో అదియు సాక్ష్యమే. ఈ చెలకను ఫలానివాని తండ్రి దున్నెను, ఈ మోట బావిని వారే త్రవ్విరి, ఈ సమాధులు వారి పెద్దలవే అని మీరు చెప్పు మాటకు చట్టము విలువ నిచ్చినది. ఒక్క సాక్ష్యము చాలదు. రెండవ సాక్ష్యము కూడ కావలెను. కాని మీ మాట వ్రాయబడక మీతోపాటు పోయినచో, ఒక కుటుంబపు నేల పోవచ్చును. కావున ఆలస్యము చేయక, మీ యెరిగిన సంగతులను చదువు వచ్చిన పిల్లలచేత వ్రాయించి, వ్రేలిముద్రయో చేవ్రాలో వేయుడు.

సంఘమును రిజిస్టరు చేసికొనదలచినవారికి ఏడుగురు చాలు. 2001నాటి సంఘముల చట్టము అందుకు త్రోవ చూపినది. ఏటేట కార్యవర్గపు పేర్లును, జమాఖర్చుల లెక్కలును రిజిస్ట్రారునకు పంపవలెను. కాని నా యనుభవము చెప్పుచున్నాను: రిజిస్ట్రారునకు పంపు లెక్కకంటె ముందు రచ్చకట్టపై చదువు లెక్క ముఖ్యము. రిజిస్ట్రారు ఊరి చందాదారుడు కాడు.

ఇప్పటివరకు చెప్పినదానిని కూడబలికి చెప్పవలెనన్న, సంఘమును నడుపువానికి పనులు మూడు. ఒకటి, కచ్చేరీలోని కాగితమును ఊరి భాషలో ఊరినడుమ చదువుట. అది ఆంధ్ర జనసంఘము చూపిన త్రోవ. రెండు, ఆ మాట నమ్మి లేచినవాని ప్రక్కన, పంట యిల్లు చేరువరకు నిలుచుట. అది పాలకుర్తి చూపిన త్రోవ. మూడు, తన లెక్క తానే ముందుగా చదువుట. అది నేను తప్పి నేర్చుకొన్న త్రోవ. ఈ మూడింటిలో వాగ్ధాటి లేదు, ధనము లేదు, పెద్ద కులము లేదు. అక్షరము, ధైర్యము, నిజాయితీ యున్నవి. ఇవి ఏ గడపలోనైనను పుట్టగలవు.

మీలో పెక్కురు ఇక సంఘములలో తిరుగు వయసు మీరినవారు. అయినను మీకొక పని మిగిలియున్నది. మీ ఊరిలో ఏ యువకుడైనను, ఏ ఆడుబిడ్డయైనను పదిమంది పనికి ముందుకు వచ్చినచో, మీరు సభలో ముందువరుసలో కూర్చుండుడు. వారు కాగితము చదువునప్పుడు వినుడు. చివర లేచి, నాయనా, అమ్మా, లెక్క కూడ చదువుమని మెల్లగా అడుగుడు. వారు కోపించినచో నా కథ చెప్పుడు. వారు చదివినచో ఆశీర్వదింపుడు.

సెలవు.